తాబేటిలంకకు వరద రాదు

మా తాబేటిలంకకు వరద రాదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. జిల్లా ముంపు ముప్పు మదింపు విభాగం వారు ఎండలో పడి తిరిగి, మ్యాపు గీసి, దాని మీద మా ఊరికి ఆకుపచ్చ రంగు వేసి మరీ తేల్చిన సంగతి. నాలుగో వార్డు మెంబరుగా ఆ మ్యాపును పంచాయతీ ఆఫీసు గోడకు మేకులు కొట్టి తగిలించింది నేనే. మొన్నటి వరదలో ఆ మ్యాపూ, ఆ గోడా రెండూ కొట్టుకుపోయాయి గానీ, అది వేరే విషయం.

మా ఊరు గోదావరి రెండు పాయల మధ్య మేట మీద ఉంది. కుడి పక్క నీళ్లు, ఎడమ పక్క నీళ్లు. శ్రావణంలో ఎర్రనీరు పొంగితే ఊరి మధ్యన కూడా నీళ్లే. అందుకు మేమేమీ గుండెలు బాదుకోం. బియ్యం బస్తాలు అటకెక్కిస్తాం, గేదెల్ని పడవల్లో దాటించి ఏటిగట్టు మీద కట్టేస్తాం, మంచం మీద మంచం వేసి ఆ పైన పొయ్యి పెట్టుకుని పులుసు కాచుకుంటాం. నీళ్లు తీశాక బురద ఎత్తి పోసుకుంటాం. ఇదంతా ఇంటి గుట్టు, బయట చెప్పుకునేది కాదు.

ఎందుకు చెప్పుకోమంటే, మా మగపిల్లలకు పెళ్లిళ్లు కావద్దా? గట్టు అవతల మెరక ఊళ్లవాళ్లు లంకకు పిల్లనివ్వాలంటే మొట్టమొదట అడిగేది ఒకటే. "ఇంట్లోకి నీళ్లొస్తాయా?" అందుకని తాతల నాటి నుంచీ మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. రేవులో పడవ దిగిన కొత్తమనిషి వరద మాట ఎత్తాడంటే, పిల్ల తరఫున ఆరా తియ్యడానికి వచ్చినట్టే లెక్క. పసిపిల్లల దగ్గర నుంచి పళ్లూడిన ముసలమ్మల దాకా అందరి నోటా ఒకే మాట రావాలి. "గుమ్మం తడిసిన పాపాన పోలేదండీ!" ఎవరింటికైనా సంబంధం వస్తోందంటే గోడల మీద నీటి మరక కనపడకుండా ఊరంతా నడుమెత్తు దాకా ఎర్రమట్టి జాజు పూసి, ఆ పైన సున్నం వేస్తాం. సరిహద్దు తగాదాల్లో ఉన్నవాళ్లు కూడా ఆ నాలుగు రోజులూ ఒకరి గోడకొకరు నిచ్చెన పట్టుకుంటారు. ఇవాళ వాళ్ల పిల్లాడు, రేపు మన పిల్లాడు.

ఆ వేసవిలో సంబంధం వచ్చింది మా పక్కింటి గనికమ్మత్త కొడుకు సూరిబాబుకి. గనికమ్మత్త మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఆయన కట్టిన మట్టిగోడల పెంకుటిల్లు ఒక్కటే ఆవిడకు మిగిలింది. దాని వెనక గోడ కిందటేడు వరదకు నాని, కడుపుతో ఉన్నట్టు ముందుకొచ్చేసింది. రెండు పోటుకర్రలు పెట్టి నిలబెట్టాడు సూరిబాబు. పిల్ల మెరకపాడు కడలి ఏడుకొండలుగారి అమ్మాయి లోవకుమారి. పిల్లాపిల్లాడూ తీర్థంలో ఒకళ్లనొకళ్లు చూసుకుని ఇష్టపడ్డారు. పిల్ల తండ్రి మాత్రం కబురు పంపాడు: "నా పిల్ల నీళ్లలో కాపరం చెయ్యదు. గోడ లేని ఇంట్లో అంతకన్నా చెయ్యదు. చెప్పకుండా ఒకరోజు వచ్చి చూసుకుంటాను."

ఇంకేముంది, ఊరంతా జాజు కలిపేశాం. వెనక గోడకు అడ్డంగా కొబ్బరాకులు పేర్చేశాం. గనికమ్మత్త రోజూ పట్టుచీర కట్టుకుని రేవు వైపు చూస్తూ కూర్చుంది.

సరిగ్గా ఆ వారంలోనే ఒకరోజు పొద్దున్నే పడవ దిగారు నలుగురు. ముందు నడుస్తున్నాయన చొక్కా టక్కు చేసుకుని, నెత్తిన టోపీ, కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. తర్వాత తెలిసింది, ఆయన ముంపు ముప్పు మదింపు అధికారి సర్వోత్తమరావుగారట. ముందే తెలిస్తే ఈ కథే లేదు.

"ఏమమ్మా, ఈ గ్రామమునకు వరద ముప్పు కలదా?" అన్నారాయన.

నేను గనికమ్మత్తను గిల్లాను. ఆవిడకు గిల్లనక్కర్లేదు.

"మాకా? వరదా? గుమ్మం తడిసిన పాపాన పోలేదండీ!" అంది.

"మరి ప్రతి ఇంటి ముందూ పడవ ఎందుకున్నది?"

"గేదెలకి కుడితి కలుపుతామండి అందులో. గోలెం అయితే తన్ని పగలగొడతన్నాయండి."

"కోళ్లగూడు చూరు మీద ఎందుకున్నది?"

"మా కోళ్లకి గాలి తగలాలండి. ఉక్కపోత్తే గుడ్డు పెట్టవండి" అన్నాను నేను, ఆవిడ ఒక్కర్తే ఎంతకని చెబుతుందని.

ఆయన మా గోడల వంక చూసి, ఊరంతా ఒకే రంగు పూసుకోవడం సామాజిక ఐక్యతకు నిదర్శనమని మెచ్చుకున్నారు. పక్కాయన అంతా రాసుకున్నాడు. గనికమ్మత్త మజ్జిగ తెచ్చి, "అమ్మాయిని కూడా తీసుకురావాల్సిందండీ, ఇల్లు చూసుకునేది" అంది. "మా అమ్మాయి హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నది" అన్నారాయన. గనికమ్మత్త నన్ను పెరట్లోకి లాక్కుపోయి, "ఇదేంటే రత్నావతీ! ఏడో తరగతితో చదువు ఆపేసిందని చెప్పారు గదే! ఇంజనీరింగు పిల్ల మా సూరిగాణ్ణి ఏం చేసుకుంటాదే?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. పరిగెత్తుకుంటూ రేవుకు వెళ్లాను. పడవ అప్పుడే కదులుతోంది. పడవవాణ్ణి అడిగితే, వాళ్లు వరద లెక్కలు రాసుకునే ఆఫీసర్లని చెప్పాడు.

"ఏవండీ! ఆగండీ! మీరు ఆఫీసర్లని తెలవక చెప్పామండీ! మాకు వరద వత్తాదండీ! ఏటా వత్తాదండీ, నడుంలోతు!" అని అరిచాను.

సర్వోత్తమరావుగారు నల్లద్దాలు తీసి జాలిగా చూశారు. "చూడమ్మా, ఇది ప్రజాభాగస్వామ్య మదింపు. ప్రజలు చెప్పినదే ప్రమాణం. కాని, ఒకసారి నమోదైన ప్రజాభిప్రాయాన్ని మార్చే అధికారం ప్రజలకు లేదు" అన్నారు.

"పోనీ మీరే దిగి చూడండి. గోడ గోకితే మరక కనపడతాది."

"స్వయంగా చూచుట పక్షపాతమునకు దారితీయును" అని పడవ పోనివ్వమన్నారు.

అవే కాళ్లతో ఆయన మెరకపాడు వెళ్లారు. ఆ ఊరు గట్టుకు అవతల కొండరాళ్ల మీద కట్టిన ఊరు. అక్కడ మంచినీళ్లకే మూడు వీధులు నడవాలి. అయితే టార్పాలిన్లు పంచే ఆఫీసరు వస్తున్నాడని అక్కడ ముందే పుకారు పుట్టింది. ఊరు ఊరంతా రోడ్డు మీదికొచ్చి, "పీకల్లోతండీ బాబో!" అని మొత్తుకుంది. ఒక ముసలాయన తన పెళ్లాం వరదలో కొట్టుకుపోయిందని సర్వోత్తమరావుగారి చెయ్యి పట్టుకుని భోరుమన్నాడట. ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, టీ పెట్టమంటారా అని అడిగిందట. అది కూడా రాసుకున్నారు గానీ, రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తోచలేదు.

నెల తిరక్కుండా మ్యాపు వచ్చింది. మెరకపాడు ఎర్ర రంగు, అతి తీవ్ర ముంపు ప్రాంతం. తాబేటిలంక ఆకుపచ్చ, ముంపు శూన్య సురక్షిత గ్రామం. వరదొస్తే చుట్టుపక్కల ఎర్ర గ్రామాల జనాన్ని తెచ్చి మా ఊళ్లో దించాలని పైనుంచి ఉత్తర్వు. మా బడికి "పునరావాస కేంద్రం" అని బోర్డు తగిలించి, బియ్యం బస్తాలు నేల మీద వరసగా పేర్చి, తాళం వేసుకుని పోయారు. కనీసం బల్లల మీదైనా పెట్టండి మహాప్రభో అంటే, సురక్షిత గ్రామంలో బల్లలు వాడేందుకు నిబంధన లేదన్నారు.

మ్యాపు వెనకాలే బీమా కంపెనీ కుర్రాడు మైకు పట్టుకుని దిగాడు. మెడలో టై, కాళ్లకు బురద. వరద బీమా తీసుకోండి, ఇల్లు కూలితే కొత్త ఇల్లు, గోడ కూలితే కొత్త గోడ అని ఊదరగొట్టాడు.

"మెరకపాడు వెళ్లలేదా బాబూ? ఎర్ర రంగు వాళ్లకి గదా కావాలి?" అన్నాను.

"భలేవారండీ! ముప్పున్న వాళ్లకి బీమా ఇస్తే కంపెనీ ఏమైపోవాలి? మా పాలసీ ముప్పు లేనివాళ్లకు మాత్రమే."

గనికమ్మత్త కళ్లు మెరిశాయి. "ఒరే నాయనా, వరదొచ్చి గోడ పడితే నిజంగా కడతారా?"

"కచ్చితంగా అమ్మా. వరద వస్తే!"

వరద రావడం గురించి గనికమ్మత్తకు ఎలాంటి సందేహమూ లేదు. కొబ్బరికాయలమ్మిన డబ్బు పెట్టి పాలసీ కట్టేసింది. ఇక సూరిబాబు గోడ జోలికి వెళ్తే ఊరుకునేది కాదు. "ముట్టుకోకురా. ఎలాగూ పడేదే. శ్రావణంలో పడితే కంపెనీ కడతాది, కార్తీకంలో పెళ్లి, కొత్త గోడకి కొత్త కోడలు" అని వేళ్లు మడిచి లెక్క చెప్పేది. నాకూ ఆ లెక్కలో తప్పేమీ కనపడలేదు. ఆ మధ్యలోనే ఏడుకొండలుగారు కూడా వచ్చి చూసుకుపోయారు. ఊరంతా పాఠం అప్పజెప్పింది. ఆయన మీసం దువ్వుకుంటూ అందరి మాటా విని, తల ఊపి, తాంబూలాలు పుచ్చుకున్నారు.

శ్రావణం వచ్చింది. గోదారి కూడా వచ్చింది.

ఈసారి మామూలుగా రాలేదు. పొద్దున రేవు మెట్ల మీద ఉన్న నీరు మధ్యాహ్నానికి వీధుల్లోకి ఎక్కింది. గేదెల్ని దాటించి మనుషులం కూడా దాటుదామని పడవలు విప్పుతుంటే, లాంచీలో పోలీసులొచ్చి పడవలన్నీ కట్టుకుపోయారు. ఎర్ర గ్రామం జనాన్ని సురక్షిత గ్రామానికి చేరవెయ్యడానికి పడవలు కావాలట. నేను కంట్రోలు రూముకు ఫోను చేశాను.

"అయ్యా, తాబేటిలంక మెంబర్ని. ఊళ్లో నడుంలోతు నీరుంది. పడవ పంపండి."

"తాబేటిలంకా? మీది ఆకుపచ్చ అండి."

"ఆకుపచ్చ ఏంటండీ, ఎర్రగా బురద నీరు! మా బావి ఎక్కడుందో కనపడ్డం లేదు!"

"చూడండి మేడమ్, మీ దగ్గరున్నది వరద కాదు. దాన్ని తాత్కాలిక జల సాన్నిధ్యం అంటారు. ఆందోళన చెందకుండా, వచ్చే నిర్వాసితులకు భోజనాలు సిద్ధం చెయ్యండి."

నాకు ఒళ్లు మండి ఆయన్ని ఏమన్నానో ఇక్కడ రాయను. మెంబరుగా నాకూ కొంచెం మర్యాద ఉంది.

మా వీధిలో డాబా ఉన్నది మా ఇల్లొక్కటే. వీధి వీధంతా దాని మీదికి ఎక్కేసింది. గనికమ్మత్త పిట్టగోడ పట్టుకుని తన ఇంటి వంకే చూస్తోంది. సూరిబాబు మాత్రం ఎక్కలేదు. రొమ్ములోతు నీళ్లలో నిలబడి, ఆ వెనక గోడకు తన వీపు ఆనించి, మూడో పోటుకర్రలా నిలబడ్డాడు.

"ఒరే, వచ్చేయ్‌రా! పడితే పడనీరా! కంపెనీ కడతాదిరా!" అని అరుస్తోంది గనికమ్మత్త.

"నాన్న కట్టిన గోడే! పడనియ్యను!" అంటాడు వాడు.

ఆ లెక్కలూ పాలసీలూ అన్నీ అప్పటికప్పుడు ఆవిడకు విషమైపోయాయి. "నా కొడుకు కన్నా గోడ ఎక్కువా? నేనెందుకు చెప్పానే ఆ గోడ ముట్టుకోవద్దని! బాగు చేసుకుంటానంటే ఎందుకు ఆపానే!" అని నన్ను పట్టుకుని ఊపేసింది. నాకూ ఏడుపొచ్చేసింది.

ఇంతలో లాంచీ వచ్చి మా డాబా మెట్లకు ఆనుకుంది. లాంచీ నిండా మెరకపాడు జనం. ఒంటి మీద చుక్క నీరు లేదు. చెప్పులకు దుమ్ము కూడా అలాగే ఉంది. ముందు వరసలో ఏడుకొండలుగారు, ఆయన భార్య, లోవకుమారి. విస్తరి ముందు నుంచి లేపుకొచ్చారట, ఏడుకొండలుగారి కుడిచేతికి ఇంకా పప్పు ఉంది. లాంచీ ముందు భాగంలో సర్వోత్తమరావుగారు మైకులో ప్రకటించారు.

"నిర్వాసితులకు విజ్ఞప్తి! మీరు సురక్షిత గ్రామానికి చేరుకున్నారు. దయచేసి దిగండి!"

ఏడుకొండలుగారు అటు చూశారు, ఇటు చూశారు. "ఎక్కడికి దిగాలండీ?" అన్నారు.

సర్వోత్తమరావుగారు మ్యాపు విప్పి పరిశీలించారు. "మ్యాపు ప్రకారం ఇది నేల" అన్నారు.

"అయితే తమరు ముందు దిగండి" అన్నారు ఏడుకొండలుగారు. ఆయన దిగలేదు. జనం మాత్రం బతుకుజీవుడా అంటూ మా మెట్లెక్కారు.

వియ్యపురాలు కావలసిన మనిషిని ఎదురుగా చూసేసరికి గనికమ్మత్త గబగబా తడిసిన కొంగు సవరించుకుంది. కానీ లోవకుమారి ఇవేవీ చూడలేదు. పిట్టగోడ దగ్గరకు పరిగెత్తి, నీళ్లలో ఉన్న సూరిబాబును చూసి, గొంతులో ఎంత బలముందో అంతా పెట్టి అరిచింది. "ఏవండోయ్! ఆ గోడతో కాపరం చేత్తారా, నాతో చేత్తారా? పైకి రండి!"

అమ్మ చెబితే వినని వాడు ఆ మాటకు కదిలాడు. అలా నాలుగడుగులు వేశాడో లేదో, వెనకాల గోడ ఒక్కసారి ఊపిరి వదిలినట్టు జారి నీళ్లలో కలిసిపోయింది. చూరు సగం దాని మీదికి వాలింది. సూరిబాబు మెట్లెక్కి తల్లి పక్కన కూలబడ్డాడు. గనికమ్మత్త వాణ్ణి చెంప మీద ఒకటి కొట్టి, అదే చేత్తో దగ్గరకు లాక్కుంది.

లాంచీలోంచి బీమా కుర్రాడు లేచాడు. వాడూ వచ్చాడు, సత్వర పరిష్కార సేవ అట. "అమ్మా, గోడ కూలినట్టు మేం కళ్లారా చూశాం. కానీ ఇది ఆకుపచ్చ గ్రామం కాబట్టి, ఇంట్లోకి వచ్చింది వరదేనని పాలసీదారు స్వయంగా అధికారిగారి ముందు, పదిమందీ వినేలా చెప్పాలి. చెబితేనే కొత్త గోడ" అన్నాడు.

చెబితే గోడ వస్తుంది, సంబంధం పోతుంది. చెప్పకపోతే సంబంధం ఉంటుంది గానీ, పిల్లను తెచ్చి ఎక్కడ పెడతాం? గనికమ్మత్త ఏడుకొండలుగారి వంక చూసింది. పడిపోయిన గోడ వంక చూసింది. కొడుకు ఒంటి మీద బురద తుడుస్తూ చెప్పింది.

"వరదేనండీ. ఈ ఏడే కాదు, ఏటా వత్తాది. నేను కాపరానికొచ్చిన ఏడు కూడా వచ్చింది. మా అత్త కాపరానికొచ్చినప్పుడూ వచ్చిందంట. మా గుమ్మం తడవని ఏడు లేదండీ."

సర్వోత్తమరావుగారు బీమా కుర్రాడి చెవిలో ఏదో అన్నారు. కుర్రాడు సంతోషంగా తల ఊపాడు. "ఏటా వస్తుందని మీరే ఒప్పుకున్నారు. అంటే ముప్పు ఉండీ లేదని చెప్పి పాలసీ తీసుకున్నారు. కాబట్టి పాలసీ చెల్లదమ్మా."

"మరి రాదని చెప్పుంటేనో?" అన్నాను పళ్లు నూరుతూ.

"రాని వరదకు గోడ ఎలా కడతామండీ?"

నేను చెప్పు తియ్యబోయాను. అది ఎప్పుడో కొట్టుకుపోయింది. గనికమ్మత్త నన్ను ఆపి, ఏడుకొండలుగారి ముందుకు వెళ్లి నిలబడింది.

"అన్నయ్యగారూ, అబద్ధం చెప్పాం. నేనే కాదు, ఊరంతా నా కోసం చెప్పింది, వాళ్లనేం అనకండి. గోడా లేదు, బీమా లేదు, ఇల్లు ఇదిగో ఇలాగుంది. పిల్లనిత్తారో మానతారో, ఇంక మీ దయ."

ఏడుకొండలుగారు చేతికి ఎండిపోయిన పప్పు పిట్టగోడకు రాసేసి, తాపీగా మీసం సవరించుకున్నారు.

"గోడదేముంది చెల్లెమ్మా. నీళ్లు తీశాక మా బావమరుదులు నలుగురూ వచ్చి లేపుతారు. ఈసారి అరుగు ఎత్తు చేసి కడదాం. నీళ్లొత్తాయా అని నేనడిగింది తెలుసుకుందామని కాదు. ఒక ఇంటి పరువు కోసం ఊరంతా ఒక్క మాట మీద నిలబడతారో లేదో చూద్దామని. నిలబడ్డారు, పిల్లనిచ్చాను. అంతేగానీ, గోదారి మధ్యనున్న ఊరికి వరద రాదంటే నమ్మడానికి, మేమేమన్నా ఆఫీసర్లమా?"